వినడం లేదా, వినబడటం లేదా?

మన ఇళ్ళలో పిల్లల మీద తల్లిదండ్రులు చేసే ఫిర్యాదుల్లో మొదటిది ఇదే: "వీడు చెప్పిన మాట వినడు." బడిలో ఉపాధ్యాయుని ఫిర్యాదు అదే, మక్తబ్‌లో మౌల్వీసాబ్ ఫిర్యాదూ అదే. తెలుగులో 'వినడు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చెవికి సోకదు అన్నది ఒకటి, చెప్పినట్టు నడుచుకోడు అన్నది మరొకటి. ఉర్దూలోనూ అంతే, 'సున్‌తా నహీఁ' అంటే రెండూ వస్తాయి. అయితే చెవి లోపాన్ని విడిగా చెప్పడానికి రెండు భాషల్లోనూ వేరే మాట ఉంది. 'వినబడదు' అంటాం, 'సునాయీ నహీఁ దేతా' అంటాం. వాడవలసిన చోట మాత్రం ఆ మాట మన నోటికి రాదు. వినబడని బిడ్డను కూడా 'వినడు' అనే అంటున్నాం.

'వినడు' అనే మాటలో నేరారోపణ ఉంది. 'వినబడదు' అనే మాటలో అది లేదు. ఒక బిడ్డ విషయంలో ఈ రెంటిలో ఏది నిజమో తెలుసుకోకుండానే మొదటి మాట అనేయడం ధర్మసమ్మతమేనా? తెలుసుకునే బాధ్యత ఎవరిది? పల్లెటూరి బడుల్లో జరిగే చెవి పరీక్షల గురించి రాయాలనుకున్నప్పుడు నా ముందు నిలిచిన ప్రశ్నలివి. వైద్యం సంగతి వైద్యులు చెబుతారు. న్యాయం సంగతి మాత్రం మనమంతా ఆలోచించవలసిందే.

దివ్యఖుర్‌ఆన్‌లో 'చెవిటివారు' అనే మాట నిందగా వచ్చిన సందర్భాలున్నాయి. బఖరా సూరా ఆరంభంలో కపటుల గురించి (2:18), అన్‌ఫాల్ సూరాలో (8:22) అది కనబడుతుంది. ఆరాఫ్ సూరాలో (7:179) చెవులుండీ వాటితో విననివారి ప్రస్తావన ఉంది. ఈ ఆయతులను పైపైన చదివి, చెవిటితనమే ఏదో దైవశాపమన్నట్టు మాట్లాడేవారు మన మధ్య లేకపోలేదు. కాని ఆ నింద ఎవరి మీదో చూడండి. చెవులు చక్కగా పనిచేస్తూ ఉండి, సత్యాన్ని విని కూడా విననట్టు మొగం తిప్పుకున్నవారి మీద! శరీరంలో వినికిడి లేనివారి మీద కానే కాదు. అంధత్వం విషయంలో అల్లాహ్ దీన్ని విడమరచి చెప్పాడు. గుడ్డివయ్యేది కళ్ళు కావని, గుండెల్లోని హృదయాలని హజ్ సూరా (22:46) తెలియజేస్తుంది. కళ్ళు లేని సహచరుడు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చినప్పుడు ఆయన వైపు మళ్ళలేదని సాక్షాత్తూ దైవప్రవక్త (స)నే మందలిస్తూ అబస సూరా అవతరించింది. అవయవ లోపం ఉన్నవాని పట్ల మన నడవడిని అల్లాహ్ ఎంత సున్నితంగా గమనిస్తాడో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆ నింద మన పలుకుబడిలోకి వచ్చేసరికి తిరగబడింది. చెవులున్నవాడు మంచి మాట పెడచెవిని పెడితే 'చెవిటివాడు' అని ఎవరూ అనరు, అతను గడుసువాడు. నిజంగా వినబడనివాణ్ణి మాత్రం అదే మాటతో వీధిలో పిలుస్తారు.

మన పెద్ద ఉలమా బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఒక మూలసూత్రం చెబుతారు. ఎవరి మీదైనా ధర్మాజ్ఞ వర్తించాలంటే అతనికి ఆ పిలుపు అర్థమయ్యే స్థితి ఉండాలి. ఇమామ్ గజాలీ (మరణం 1111) వంటి ఉసూల్ పండితులు దీన్ని విపులంగా చర్చించారు. ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ అస్వద్ బిన్ సరీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసులో, ప్రళయదినాన తమ వాదన వినిపించుకునే నలుగురి ప్రస్తావన ఉంది. వారిలో ఏమీ వినలేని చెవిటి వ్యక్తి ఒకడు. ఇస్లాం వచ్చిందిగాని తనకేమీ వినబడలేదని అతను ప్రభువుకు విన్నవించుకుంటాడు. ఆ విన్నపానికి అక్కడ విలువ ఉంది. సర్వం తెలిసిన అల్లాహ్ సన్నిధిలోనే చెవిటివాని సంజాయిషీకి చోటు ఉంటే, ఏమీ తెలియని మనం ఎనిమిదేళ్ళ పిల్లవానికి ఆ అవకాశమైనా ఇవ్వకుండా తీర్పు చెప్పేస్తున్నాం.

పైగా పిల్లవాడు సంజాయిషీ ఇవ్వలేడు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

గొంతు వెనుక నుంచి మధ్య చెవికి ఒక సన్నని నాళం ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది మూసుకుపోయి కర్ణభేరి వెనుక జిగురు వంటి నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. చెవి కారదు. బయటికి ఏ గుర్తూ కనబడదు. కాని ఆ బిడ్డకు లోకం నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టు ఉంటుంది. కొన్ని వారాలకు అది తగ్గుతుంది, మళ్ళీ జలుబుతో తిరిగి వస్తుంది. అంటే ఒక వారం వినబడుతుంది, ఇంకో వారం వినబడదు. పెద్దలు పప్పులో కాలు వేసేది సరిగ్గా ఇక్కడే. "వాడికి కావాలంటే అన్నీ వినబడతాయండీ! మిఠాయి అంటే వినబడుతుంది, లెక్కలంటే వినబడదు" అంటారు. మిఠాయి మాట వాడి ఎదురుగా నిలబడి, మొగం చూస్తూ, దగ్గరగా చెబుతాం. లెక్కలు మాస్టారు బోర్డు వైపు తిరిగి, నలభైమంది గోలలో, పది అడుగుల దూరం నుంచి చెబుతారు. ఈ తేడా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చెవిలో చీము కారడం దీనికంటే కనబడే జబ్బు. కాని పల్లెల్లో దాన్నీ జబ్బుగా చూడరు. "పిల్లలకు చెవి కారడం మామూలే, పెద్దయితే అదే పోతుంది" అంటారు. వెల్లుల్లి కాచిన నూనె పోస్తారు, ఆకు పసరు పిండుతారు, కోడి ఈకతో తుడుస్తారు. నెలల తరబడి కారే చెవిలో కర్ణభేరికి రంధ్రం పడి ఉంటుంది. ఆ రంధ్రంలోంచి నూనె పోయడమంటే లోపలి గాయం మీద పోయడమే. ఆ చెవితో చెరువులో మునగడమూ ప్రమాదమే. అశ్రద్ధ చేస్తే ఆ చీము ఎముకను తొలిచి, అరుదుగానైనా మెదడు వరకు పాకి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదికలో పిల్లల వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగినవేనని చెప్పింది. మన దేశంలో సుమారు 6 కోట్ల 30 లక్షల మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉందని అదే సంస్థ అంచనా. పుట్టుకతో వచ్చే చెవుడు వేరే సంగతి. అందులోనూ గర్భవతికి రుబెల్లా సోకడం వల్ల కలిగేదాన్ని టీకాతో ఆపవచ్చు. 2017లో మన రెండు రాష్ట్రాల బడుల్లో ఆ టీకా వేశారు.

ఇప్పుడు బిడ్డ సంజాయిషీ సంగతి. కొంతకాలం కిందట ఒక పల్లె మదర్సాలో హిఫ్జ్ విద్యార్థుల పరీక్షకు వెళ్ళాను. ఒక పిల్లవానికి పదేళ్ళుంటాయి. గొంతు ఎంతో బాగుంది, రాగం తప్పడం లేదు, కాని సీన్, సాద్, సా మూడూ ఒకేలా పలుకుతున్నాడు. మంద బుద్ధి అని ఉస్తాద్ ముందే చెప్పి ఉంచారు. నేను కుడివైపు నుంచి అడిగితే జవాబిస్తున్నాడు, ఎడమవైపు నుంచి అడిగితే నా పెదవుల కోసం వెతుకుతున్నాడు. తరువాత వాళ్ళ మామ పట్నం తీసుకెళ్ళి చూపిస్తే ఒక చెవి గట్టిపడిన గులిమితో పూర్తిగా మూసుకుపోయి ఉందని, రెండో చెవి కర్ణభేరికి రంధ్రం ఉందని తేలింది. గులిమి తీసిన చెవి బాగయింది. రెండోదానికి ఆపరేషన్ కావాలన్నారు, అది ఇంకా జరగలేదు. నేను ఆ పిల్లవాణ్ణి అడిగాను, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం బేటా?" అని. వాడన్నది: "అందరికీ ఇలాగే వినబడుతుందనుకున్నాను."

బాగా వినబడటం అంటే ఏమిటో ఎరుగని బిడ్డకు తనకు వినబడటం లేదని ఎలా తెలుస్తుంది? తన హక్కు తనకే తెలియని ఫిర్యాదుదారు వాడు. కాబట్టి వాడు వచ్చి చెప్పుకునేదాకా ఆగుదామనే వాదన నిలవదు. మనమే వాడి దగ్గరికి వెళ్ళి అడగాలి. బడికి వెళ్ళి చెవులు పరీక్షించడంలోని అసలు ధర్మం ఇదే. జబ్బుపడ్డవాడు ఆసుపత్రికి వస్తాడు. జబ్బని తెలియనివాని దగ్గరికి ఆసుపత్రే రావాలి.

ఆ పిల్లవాడు మూడు అక్షరాలను కలిపేయడానికి ఒక కారణం ఉంది, మన హాఫిజ్ సాబులు దాన్ని తప్పక తెలుసుకోవాలి. 'స', 'శ', 'ఫ' వంటి ధ్వనుల్లో బలం తక్కువ, సన్నదనం ఎక్కువ. అచ్చుల్లో బలం ఎక్కువ. వినికిడి కొంత తగ్గినవానికి అచ్చులు అందుతాయి, రాగం అందుతుంది. ఈ సన్నని హల్లులు జారిపోతాయి. అందువల్ల ఎవరో ఏదో అన్నారని వాడికి తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మఖ్‌రజ్ ఎన్నిసార్లు చెప్పినా దిద్దుకోని పిల్లవాణ్ణి మొండివాడని తీర్మానించే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి. హిఫ్జ్ గదిలో ముప్ఫై మంది ఒకేసారి గొంతెత్తి సబఖ్ చదువుతుంటారు కదా, అలాంటి చోట కొద్దిపాటి లోపం కూడా పెద్దదవుతుంది.

దెబ్బల గురించి కూడా మాట్లాడక తప్పదు. మన దగ్గర శిక్ష ఎప్పుడూ చెవి మీదే. చెవి మెలిపెడతారు, చెవులు పట్టించి గుంజీలు తీయిస్తారు, కోపం హద్దు మీరితే చెంప మీద కొడతారు. అరచేయి చెవిని మూసేటట్టు పడితే లోపలి గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరిగిపోవచ్చు. వినడం లేదని కొట్టిన దెబ్బే వినబడకుండా చేస్తుందన్నమాట! ముఖం మీద కొట్టవద్దని దైవప్రవక్త (స) స్పష్టంగా వారించారు, ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దెబ్బ వల్ల ఒకని వినికిడి పూర్తిగా పోతే పూర్తి దియత్, అంటే ఒక ప్రాణానికి చెల్లించేంత పరిహారం చెల్లించాలని మన ఫుఖహా నిర్ణయించారు. ఒకే దెబ్బతో వినికిడి, మాట సహా నాలుగు శక్తులు పోగొట్టుకున్న వ్యక్తికి హజ్రత్ ఉమర్ (రజి) నాలుగు దియత్‌లు ఇప్పించారనే ఉల్లేఖనం ఫిఖ్ గ్రంథాల్లో కనబడుతుంది. మన దేశపు విద్యాహక్కు చట్టం (2009) కూడా బడిలో శారీరక దండనను నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచండి. ఒక ప్రాణంతో సమానంగా తూచిన దానిమీద ఉస్తాద్ చేయి ఎత్తుతున్నాడంటే, తాను దేనిమీద ఎత్తుతున్నాడో అతనికి తెలిసి ఉండాలి.

ఆ దియత్ అధ్యాయంలోనే మరో చర్చ ఉంది. దెబ్బ తగిలినవాడు వచ్చి నాకు వినబడటం లేదని ఖాజీ దగ్గర చెబితే ఏం చేయాలి? అతని మాటను అలాగే నమ్మకూడదు, అబద్ధమని తోసిపుచ్చనూకూడదు. అతను వేరే ధ్యాసలో ఉన్నప్పుడు ఉన్నట్టుండి పిలిచి చూడాలన్నారు ఫుఖహా. ఉలిక్కిపడితే వినబడుతున్నట్టే. అంటే వినికిడి గురించి తీర్పు చెప్పే ముందు పరీక్ష జరగాలనే నియమం మన ఫిఖ్‌లో శతాబ్దాల కిందటే ఉంది. తెలియనిదాని వెంట పడవద్దని ఇస్రా సూరాలో (17:36) అల్లాహ్ ఆదేశించాడు. అదే ఆయతులో చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించాడు. మన చెవుల గురించి మనల్ని అడుగుతారని ఇప్పటిదాకా మనం సరిగానే అర్థం చేసుకున్నాం. మన సంరక్షణలో ఉన్న బిడ్డల చెవుల గురించి కూడా అడగవచ్చని నేను అనుకుంటున్నాను. ప్రతి కాపరినీ తన మంద గురించి ప్రశ్నిస్తారన్న హదీసు ఎవరికి తెలియదు?

బడిలో చేసే పరీక్ష పెద్ద ఆర్భాటమేమీ కాదు. ముందు చిన్న దీపపు పరికరంతో చెవిలోకి చూస్తారు. గులిమి, చీము, రంధ్రం ఉంటే కనబడతాయి. తరువాత చెవులకు పరికరం తగిలించి 1000, 2000, 4000 హెర్ట్జ్ శ్రుతుల్లో సన్నని ధ్వనులు వినిపిస్తారు. వినబడ్డప్పుడల్లా బిడ్డ చేయి ఎత్తాలి. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు చాలు. కావలసినదల్లా నిశ్శబ్దంగా ఉండే ఒక గది. మధ్యాహ్న భోజనం వండేచోటికి, రోడ్డుకు దూరంగా ఉంటే మేలు. మొదటిసారి తప్పినవారిని కొన్ని వారాలాగి మళ్ళీ చూస్తారు. జలుబు వల్ల వచ్చినదైతే ఈలోగా తగ్గి ఉండవచ్చు. అప్పటికీ తప్పితే చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరికి పంపుతారు.

మన దేశంలో చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2007లో 25 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. దాని ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్ళి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను చూడాలి. వారు చూడవలసిన సమస్యల్లో చెవి చీము, వినికిడి లోపం ఉన్నాయి. కాని ఈ బృందాలు వెళ్ళేది ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సహాయం పొందే బడులకు. చందాలతో నడిచే మన దీనీ మదర్సాలు సహజంగానే ఆ జాబితాలోకి రావు. అక్కడే ఉండి చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది పేదలు, కొందరు అనాథలు. ఏ అమ్మీ దగ్గరుండి గమనించే వీలు లేని పిల్లలు. మదర్సా కమిటీ తమ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి ఒక ఉత్తరం రాసి రమ్మని కోరడానికి అడ్డేముంది? వార్షిక జల్సా కరపత్రాలకు పడే శ్రమలో పదోవంతు కూడా దీనికి పడదు.

ఇది ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి మీదనుంచీ బాధ్యత తొలగుతుంది, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులే. అయితే శిబిరం పెట్టి పరీక్షించినంత మాత్రాన ఆ బాధ్యత తీరినట్టేనా? జనాజా సంగతి తీసుకోండి. గుస్ల్ ఇవ్వడం, కఫన్ తొడగడం, నమాజ్ చేయడం, ఖననం చేయడం అన్నీ ఫర్జె కిఫాయాలే. నమాజ్ వరకు ఘనంగా చేసి, దేహాన్ని ఖబరస్తాన్ గేటు దగ్గర వదిలి వస్తే బాధ్యత తీరిందని ఏ ముఫ్తీ అయినా అంటాడా? మన చెవి శిబిరాల్లో చాలావాటి సంగతి ఇలాగే ఉంది. బ్యానరు కడతారు, ఫొటో దిగుతారు, లోపం ఉన్న పిల్లల చేతికి ఒక చీటీ ఇచ్చి పంపుతారు.

ఆ చీటీ ఇంటికి చేరాక ఏమవుతుంది? తల్లి మిరప కోతకు పోతోంది. జిల్లా ఆసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చులు పైన. వెళ్తే ఆ రోజు చెవి డాక్టరు ఉండడు, బుధవారం రమ్మంటారు. రెండో రోజు కూలి. మూడోసారి ఆమె వెళ్ళదు. అప్పుడు శిబిరం పెట్టినవారు ఏమంటారో తెలుసా? "ఎంత చెప్పినా వినదండీ!" బిడ్డ మీద పడ్డ నింద ఇప్పుడు తల్లి మీదికి మళ్ళింది.

నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను. వైద్యుడు ఏ రోజున ఉంటాడో కనుక్కోకుండా, పిల్లలను తీసుకెళ్ళే మనిషి ఎవరో నిర్ణయించకుండా శిబిరం పెట్టకూడదు. నాలుగు వందల మందిని చూసి వదిలేయడం కంటే నలభైమందిని చూసి చివరిదాకా వెంట ఉండటం మేలు. అమానత్‌లో లెక్క ముఖ్యం కాదు. ఈ మాటను పట్టుకుని అసలు పరీక్షే వద్దనేవారూ ఉంటారు, తెలిస్తే బాధ్యత మీద పడుతుంది కదా అని. తెలుసుకోగలిగి ఉండీ కళ్ళు మూసుకున్నవానికి అజ్ఞానం సాకుగా పనికిరాదు.

ఇంతా చేశాక ఇంట్లోనుంచి ఇంకో మాట వస్తుంది. "అల్లాహ్ రాసినట్టు అవుతుంది, సబర్ చేద్దాం." సబర్ గొప్ప గుణం, సందేహం లేదు. కాని హిజ్రీ 18లో సిరియా దారిలో సర్గ్ అనేచోట ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక విధి నుంచి మరో విధి వైపే వెళ్తున్నామన్నది ఆయన సమాధానం. చెవిలో చీము విధి అయితే, ఆ చీముకు మందు కూడా విధే. అన్ని ప్రయత్నాలూ చేశాక మిగిలినదాని మీద సబర్ ఉంటుంది. మొదలుపెట్టక ముందు చేసేదానికి సబర్ అనే పేరు పెట్టకండి.

ఆడపిల్లల విషయంలో ఈ మాట వెనుక వేరే భయం ఉంటుంది. చెవికి మిషన్ పెడితే నలుగురికీ తెలుస్తుంది, రేపు సంబంధాలు రావు. అందుకని దుపట్టా కింద దాచగలిగే మిషన్ కూడా వద్దంటారు. అమ్మాయి పిలిచినా పలకదు కాబట్టి పొగరుబోతు అనే పేరు వస్తుంది, చదువులో వెనుకబడుతుంది, చివరికి బడి మానేస్తుంది. సంబంధం కోసం దాచిన లోపం నిఖా తరువాత వారంలో బయటపడుతుంది. అప్పుడు మోసం చేశారనే మాట కూడా వచ్చి చేరుతుంది. తల్లిదండ్రుల భయం అబద్ధమని నేననను. మన సమాజం వారిని అలా భయపెట్టింది. అందుకని ఆ భయం ఖరీదు బిడ్డచేత కట్టిస్తామా?

చెవి బాగుచేయడానికి వీలులేని పిల్లలూ ఉంటారు. వారిని అసంపూర్ణ మనుషులుగా చూడటం అన్యాయం. వారికి కావలసింది భాష. మిషన్ ద్వారా వచ్చినా, సైగల ద్వారా వచ్చినా భాష భాషే. మూగవాని స్పష్టమైన సైగ నోటి మాటతో సమానమని ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869-1876 మధ్య రూపొందిన మజల్ల న్యాయస్మృతి 70వ సూత్రం చెబుతుంది. మన హనఫీ గ్రంథాలు అంతకు ఎంతో ముందే అలాంటి సైగతో నిఖా, క్రయవిక్రయాలు చెల్లుతాయన్నాయి. భారతీయ సంకేత భాష కోసం ఢిల్లీలో 2015లో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. వినికిడి లోపాల కోసం 1983లో ముంబయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు మన హైదరాబాదువాడైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. చెవి జబ్బులకు హైదరాబాద్ కోఠీలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న సంగతి చాలామందికి తెలిసిందే. చెవిటివానికి, మూగవానికి అర్థమయ్యేదాకా చెప్పడం కూడా సదఖాయేనని హజ్రత్ అబూ జర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది.

ఇక డబ్బు సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే 'వినికిడి మందం' కింద లెక్క. 70 ఉంటే చెవుడు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. కాబట్టి 45 డెసిబెల్స్ లోపం ఉన్న బిడ్డకు తరగతిలో పాఠం సరిగా అందదు, ధ్రువపత్రమూ రాదు. కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మిషన్‌కు 40 శాతం వైకల్యపు ధ్రువపత్రం కావాలి. ఈ మధ్యలో పడిపోయిన పిల్లల బాధ్యత మన బైతుల్‌మాల్‌ల మీదే ఉంది.

జకాత్ సొమ్ముతో మిషన్ కొనివ్వవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. తండ్రి జకాత్ పుచ్చుకోదగిన పేదవాడైతే నిస్సందేహంగా ఇవ్వవచ్చు. తండ్రి స్తోమత గలవాడైతే అతని చిన్నపిల్లలను హనఫీ ఫిఖ్ పేదలుగా పరిగణించదు, వారికి జకాత్ చెల్లదు. ఇచ్చేటప్పుడు మిషన్‌ను బిడ్డ తరఫున తండ్రి చేతికి పూర్తి యాజమాన్యంతో ఇవ్వాలి. వాడుకుని తిరిగి మస్జిదుకు ఇచ్చేయాలనే షరతు పెడితే తమ్లీక్ జరగదు, జకాత్ తీరదు. ఊళ్ళోని పిల్లలందరి చెవులూ పరీక్షించే పరికరం కొని మదర్సాలో ఉంచాలనుకుంటే జకాత్ పనికిరాదు, లిల్లాహ్ సొమ్ము వాడాలి. ఒక్క సంగతి కమిటీలు ముందే అనుకోవడం మంచిది. చెవి మిషన్‌కు బ్యాటరీలు కావాలి, తరచుగా మార్చాలి. బిడ్డ పెరిగేకొద్దీ చెవిలో ఇమిడే అచ్చు కూడా కొత్తది చేయించాలి. రమజాన్‌లో మిషన్ ఇచ్చి మొహర్రం నాటికి బ్యాటరీకి డబ్బు లేక అది డబ్బాలో పడుకున్న ఇళ్ళు నేను చూశాను. కాబట్టి మిషన్ ఖరీదుతోపాటే ఒక ఏడాది బ్యాటరీల ఖర్చు కూడా లెక్కగట్టి పక్కన పెట్టాలి. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో, ఏ తేదీన ఇస్తారో కూడా ఆ రోజే రాసుకోవాలి.